అచ్చుకు పంపే ఫైల్‌లో పారదర్శక బొమ్మలు: తెల్ల డబ్బాలు, సన్న గీతలు, లావెక్కిన అక్షరాలు రాకుండా చూసుకోవడం ఎలా?

హనుమకొండ, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల్లో డీటీపీ పని చేసేవారు, సొంతంగా కరపత్రాలూ పెండ్లి పత్రికలూ తయారు చేసుకునేవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది. కంప్యూటర్ తెర మీద చక్కగా కనిపించిన డిజైన్ కాగితం మీద పడేసరికి బొమ్మ చుట్టూ తెల్లటి డబ్బాతోనో, నీడ కింద రంగు మారిన చతురస్రంతోనో, అడ్డంగా నిలువుగా పోయే వెంట్రుకంత గీతలతోనో ఎందుకు వస్తున్నది? తప్పు మాది అని ప్రెస్ వారు ఒప్పుకోరు, డిజైన్ చేసినవారూ ఒప్పుకోరు. చాలా సందర్భాల్లో ఇద్దరి తప్పూ ఉండదు, ఇద్దరి మధ్య ముందుగా జరగవలసిన మాట జరిగి ఉండదు. ఆ మాట ఏమిటో, ఆ తర్వాత ఫైల్‌లో ఏమేమి సరిచూసుకోవాలో వరుసగా చెబుతాను.

సిద్ధాంతం ఈ ఒక్క పేరాతో సరిపెడదాం. తెర మీద ఒక బొమ్మను సగం కనిపించేలా పెట్టవచ్చు కానీ, అచ్చు ప్లేట్ మీద సగం కనిపించడం అనేది లేదు. చుక్క పడాలి, లేదా పడకూడదు. అందువల్ల పై బొమ్మ, కింది రంగు కలిస్తే చివరికి ఏ రంగు వస్తుందో ఎక్కడో ఒకచోట లెక్క కట్టి, పొరలన్నింటినీ ఒకే పొరగా మార్చాలి. దీనినే ఫ్లాటెనింగ్ అంటారు. పాత ప్రింటింగ్ వ్యవస్థలకు ఆధారమైన పోస్ట్‌స్క్రిప్ట్ భాషకు పారదర్శకత తెలియదు. పీడీఎఫ్‌లో అది 2001లో వచ్చిన 1.4 వెర్షన్‌తో మొదలైంది. ప్రెస్‌లు ఎక్కువగా అడిగే పీడీఎఫ్ ఎక్స్-1ఏ పద్ధతి అంతకంటే పాతదైన 1.3 మీద కట్టినది కనుక అందులో పారదర్శకత ఉండకూడదు. ఎక్స్-4 పద్ధతిలో ఉండవచ్చు. కాబట్టి మీరు తేల్చుకోవలసింది ఒక్కటే: ఈ లెక్క మీ కంప్యూటర్‌లో జరగాలా, ప్రెస్ కంప్యూటర్‌లో జరగాలా? మిగిలినదంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

దగ్గర ఉంచుకోవలసినవి

- డిజైన్ అసలు ఫైల్, అంటే కోరల్‌డ్రా, ఇలస్ట్రేటర్, ఇన్‌డిజైన్ లేదా పేజ్‌మేకర్ ఫైల్. దాని నకలు ఒకటి వేరే ఫోల్డర్‌లో ఉంచండి. కింద చెప్పే పనులన్నీ నకలు మీదే చేయాలి, ఎందుకంటే ఒకసారి ఫ్లాటెన్ చేసి సేవ్ చేసిన ఫైల్‌లో మళ్లీ మార్పులు చేయడం నరకం.
- బొమ్మల అసలు ఫైళ్లు. వాట్సాప్‌లో వచ్చినవి కాదు, కెమెరా నుంచి లేదా మొదట తయారు చేసిన వారి నుంచి వచ్చినవి.
- ఫొటోషాప్. లేనివారికి జింప్ కూడా ఈ పనిలో చాలా వరకు సరిపోతుంది, అయితే రంగుల మార్పిడి దగ్గర జాగ్రత్త అవసరం.
- అక్రోబాట్ ప్రో. ఉచితంగా దొరికే రీడర్‌లో చూసి అంతా బాగుందనుకోవడమే సగం సమస్యలకు మూలం. మీ దగ్గర లేకపోతే ప్లేట్లు తీసే చోట సాధారణంగా ఉంటుంది, అక్కడ చూపించమని అడగండి.

1. మొదట ప్రెస్‌కు ఫోన్ చేయండి

మూడు ప్రశ్నలు అడగండి. పీడీఎఫ్ ఎక్స్-4 తీసుకుంటారా, ఎక్స్-1ఏ కావాలా? నా పీడీఎఫ్‌ను నేరుగా ప్లేట్‌కు పంపుతారా, లేక కోరల్‌డ్రాలో తెరిచి షీట్ మీద అమర్చుకుంటారా? కోరల్ అయితే ఏ వెర్షన్?

రెండో ప్రశ్నను ఎవరూ అడగరు, నిజానికి అదే ముఖ్యం. మన దగ్గర చిన్న ప్రెస్‌లలో ఆపరేటర్లు కస్టమర్ ఇచ్చిన పీడీఎఫ్‌ను కోరల్‌లోకి దిగుమతి చేసుకొని, రెండు మూడు కాపీలు పక్కపక్కన పేర్చి, కటింగ్ గుర్తులు పెట్టి, మళ్లీ పీడీఎఫ్ చేస్తారు. అలా తెరిచినప్పుడు మీరు జాగ్రత్తగా పెట్టిన నీడలు ముక్కలవుతాయి, మాస్క్‌లు (బొమ్మలో కొంత భాగాన్ని చెరపకుండా దాచే పొరలు) ఊడిపోతాయి, ఫాంట్లు మారిపోతాయి. మీరు ఎంత శుద్ధమైన ఎక్స్-4 ఫైల్ ఇచ్చినా అక్కడ దానికి అర్థం ఉండదు. కోరల్‌లో తెరుస్తామని చెప్పిన ప్రెస్‌కు 8వ అంశంలో చెప్పిన మధ్యే మార్గం తప్ప వేరేది వాడకండి.

ఎక్స్-4 తీసుకొని నేరుగా పంపుతామన్న ప్రెస్ దొరికితే మీ పని సగం తగ్గినట్లే. పీడీఎఫ్‌ను పోస్ట్‌స్క్రిప్ట్‌గా మార్చకుండా నేరుగా చదివే అడోబీ పీడీఎఫ్ ప్రింట్ ఇంజిన్ 2006లో వచ్చింది. అటువంటి ఇంజిన్‌తో నడిచే యంత్రాలు పారదర్శకతను మనకంటే బాగా లెక్క కడతాయి.

2. బొమ్మ నిజంగా పారదర్శకమైనదో కాదో తేల్చుకోండి

గూగుల్‌లో పీఎన్‌జీ అని వెతికితే వచ్చే దేవుళ్ల బొమ్మలు, బతుకమ్మలు, పూలదండలు, పార్టీ గుర్తులలో చాలా వాటికి వెనుక బూడిద, తెలుపు గళ్లు కనిపిస్తాయి. గళ్లు కనిపించాయి కనుక బ్యాక్‌గ్రౌండ్ లేదని నమ్మి దించుకుంటారు. తీరా చూస్తే ఆ గళ్లు కూడా బొమ్మలో భాగమే. పరీక్ష సులభం: బొమ్మను ఫొటోషాప్‌లో తెరిచి, దాని కింద కొత్త లేయర్ ఒకటి పెట్టి, అందులో ముదురు ఎరుపు రంగు నింపండి. గళ్లు మాయమై ఎరుపు కనిపిస్తే అది నిజమైన పారదర్శక బొమ్మ. గళ్లు అలాగే ఉంటే దానిని వదిలేయండి, గళ్లు చెరపడానికి పెట్టే సమయంలో వేరే బొమ్మను మొదటి నుంచి కత్తిరించుకోవచ్చు.

ఇదే ఎరుపు లేయర్ ఇంకొక సంగతి కూడా చెబుతుంది. తెల్ల కాగితం మీద తీసిన బొమ్మకు అంచుల చుట్టూ ఒకటి రెండు పిక్సెళ్ల తెల్లని పొర మిగిలి ఉంటుంది. తెల్ల తెర మీద అది కనబడదు, పసుపు మీదా పెద్దగా కనబడదు, కుంకుమ రంగు మీద పెట్టగానే బొమ్మ చుట్టూ సున్నం గీసినట్లు కనిపిస్తుంది.

వాట్సాప్ సంగతి వేరుగా చెప్పాలి. పీఎన్‌జీ బొమ్మను వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది జేపీజీగా మారుతుంది. జేపీజీలో పారదర్శకతకు చోటే లేదు కాబట్టి ఖాళీగా ఉన్న భాగం తెల్లగానో నల్లగానో నిండిపోతుంది, బొమ్మ కొలత కూడా తగ్గిపోతుంది. అదే ఫైల్‌ను డాక్యుమెంట్‌గా జతచేసి పంపితే ఏ మార్పూ జరగదు. లోగో పంపమని ఎవరినైనా అడిగేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి అనే మాట తప్పనిసరిగా చేర్చండి.

3. అంచును బట్టి కత్తిరించే పద్ధతి ఎంచుకోండి

గట్టి అంచు ఉన్న బొమ్మకు పెన్ టూల్‌తో పాత్ (బొమ్మ అంచు వెంట పోయే గీత) గీయాలి, మెత్తని అంచు ఉన్న బొమ్మకు మాస్క్ వాడాలి. ఖిలా వరంగల్‌లోని కాకతీయ తోరణాన్ని తీసుకోండి. స్తంభాల అంచులు, పైనున్న హంసల ఆకారాలు అన్నీ స్పష్టమైన రాతి గీతలు. దీనికి పాత్ గీస్తే అంచు కత్తితో కోసినట్లు వస్తుంది, పైగా అసలు పారదర్శకత అవసరమే లేకుండా క్లిప్పింగ్ పాత్‌తో, అంటే ఆ గీత బయటి భాగాన్ని కనబడకుండా చేసే పద్ధతితో, పని జరిగిపోతుంది, ఏ పాత యంత్రమైనా దానిని తప్పు లేకుండా అచ్చు వేస్తుంది. చాలామంది తోరణం బయటి అంచు మాత్రమే గీసి, స్తంభాల మధ్య కనిపించే ఆకాశాన్ని మరిచిపోతారు. ఆ ఖాళీకి వేరే పాత్ గీసి మొదటి దానిలోంచి తీసివేయాలి.

బతుకమ్మ బొమ్మకు ఈ పద్ధతి పనికిరాదు. గునుగు పూల కొనలు దూదిలా పలచబడి గాలిలో కలిసిపోతాయి. వాటికి పాత్ గీస్తే కాగితంతో కత్తిరించి అతికించినట్లు ఉంటుంది. ఇక్కడ ఫొటోషాప్‌లో సెలెక్ట్ అండ్ మాస్క్ వాడి, అంచు రంగులను శుభ్రం చేసే డీకంటామినేట్ కలర్స్‌ను ఎంచుకోండి. దానితో అవుట్‌పుట్‌గా వచ్చే లేయర్‌లో పాత బ్యాక్‌గ్రౌండ్ రంగు చాలా వరకు పోతుంది. ఇంకా తెల్ల పొర మిగిలితే లేయర్ మెనూలోని మ్యాటింగ్‌లో డీఫ్రింజ్ ఒక పిక్సెల్ ఇచ్చి చూడండి. రెండు పిక్సెళ్లు దాటితే గునుగు కొనలు మొద్దుబారిపోతాయి, అంతవరకు వెళ్లవద్దు.

సేవ్ చేసేటప్పుడు ఇలస్ట్రేటర్, ఇన్‌డిజైన్‌లకు పీఎస్‌డీ లేదా లేయర్లతో ఉన్న టిఫ్ ఇవ్వడం మేలు. పీఎన్‌జీలో పారదర్శకత ఉంటుంది కానీ సీఎంవైకే (అచ్చులో వాడే నాలుగు సిరాల రంగు పద్ధతి) ఉండదు, ఆర్‌జీబీ (తెర వాడే రంగు పద్ధతి) మాత్రమే ఉంటుంది. పీఎన్‌జీ వాడకూడదని కాదు, రంగుల మార్పిడి ఎక్కడ జరుగుతున్నదో మీకు తెలిసి ఉండాలి.

కొలత విషయం: అచ్చు అయ్యే కొలతలో బొమ్మకు అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండాలి. 300 ఉన్న బొమ్మను పేజీలో రెండింతలు చేస్తే మిగిలేది 150 మాత్రమే, ఫైల్ సమాచారంలో 300 అనే కనిపించినా సరే.

4. రంగులన్నీ ఒకే కుటుంబంలోకి తీసుకురండి

పేజీ సీఎంవైకే, నీడ ఆర్‌జీబీ, లోగో స్పాట్ కలర్ (వేరే ప్లేట్‌తో విడిగా వేసే సిరా) అయితే కలిసే చోట లెక్క తప్పడానికి అవకాశం పెరుగుతుంది. ఇలస్ట్రేటర్‌లో ఫైల్ మెనూలోని డాక్యుమెంట్ కలర్ మోడ్ సీఎంవైకే అయి ఉండాలి. ఇన్‌డిజైన్‌లో ఎడిట్ మెనూలో ట్రాన్స్‌పరెన్సీ బ్లెండ్ స్పేస్ అనే చోట కూడా సీఎంవైకే పెట్టండి. ఈ రెండోది చాలామంది ఎప్పుడూ తెరిచి చూడరు. అది ఆర్‌జీబీలో ఉంటే ఒకే పుస్తకంలో ఒకే ఆకుపచ్చ పట్టీ, నీడ ఉన్న పేజీలో ఒక రకంగానూ నీడ లేని పేజీలో ఇంకొక రకంగానూ కనిపిస్తుంది. కళాశాల వార్షిక సంచికల వంటి పనుల్లో పేజీ తిప్పగానే రంగు మారిందన్న ఫిర్యాదు వస్తే ముందుగా చూడవలసింది ఇదే.

5. నీడలు, వెలుగులు

ఇలస్ట్రేటర్‌లో ఎఫెక్ట్ మెనూలోని డాక్యుమెంట్ రాస్టర్ ఎఫెక్ట్స్ సెట్టింగ్స్ తెరిచి 300 ఉందో లేదో చూడండి. వెబ్ కోసం మొదలుపెట్టిన ఫైల్ అయితే 72 ఉంటుంది, నీడలు మెట్లు మెట్లుగా వస్తాయి. మార్చాక నీడ రూపం కొంచెం మారవచ్చు కాబట్టి మళ్లీ ఒకసారి కంటితో చూసుకోండి.

నీడ రంగు నల్లని సిరా ఒక్కటే అయి ఉండాలి, పద్ధతి మల్టిప్లై (కింది రంగుతో కలిసి ముదురయ్యేది) అయి ఉండాలి. నాలుగు సిరాలతో చేసిన నలుపును ముదురు మెరూన్ మీద నీడగా వేస్తే ఆ చోట సిరా మోతాదు 300 శాతం దాటిపోతుంది, ఆరక వెనుక కాగితానికి అంటుకుంటుంది. ఆర్ట్ పేపర్‌కు సాధారణంగా 300 శాతం, న్యూస్‌ప్రింట్‌కు 240 శాతం దాటకుండా చూసుకుంటారు.

కోరల్‌డ్రా వాడేవారు నీడను ఎంచుకొని కంట్రోల్‌, కే నొక్కి దానిని వస్తువు నుంచి విడదీయండి. తర్వాత నీడను, దాని కింద ఉన్న బ్యాక్‌గ్రౌండ్‌ను కలిపి ఎంచుకొని, బిట్‌మ్యాప్స్ మెనూలో కన్వర్ట్ టు బిట్‌మ్యాప్ ద్వారా 300, సీఎంవైకే ఇచ్చి ఒకే బొమ్మగా మార్చండి. నీడను ఒక్కదానినే బిట్‌మ్యాప్ చేసి ట్రాన్స్‌పరెంట్ బ్యాక్‌గ్రౌండ్ గుర్తు పెట్టి వదిలేస్తే పారదర్శకత ఇంకా మిగిలే ఉంటుంది, సమస్య తీరలేదు, రూపం మారిందంతే.

6. తెలుగు అక్షరాలను అన్నింటికంటే పై లేయర్‌లో ఉంచండి

ఇంగ్లిష్ పాఠాల్లో దీనిని రెండు వాక్యాల్లో చెప్పి వదిలేస్తారు. మన లిపికి ఇది చాలా పెద్ద విషయం. పారదర్శక వస్తువు కింద అక్షరాలు ఉంటే, ఫ్లాటెన్ చేసినప్పుడు ఆ వస్తువు తాకిన అక్షరాలు గీతలుగానో చుక్కలుగానో మారతాయి, తాకని అక్షరాలు ఫాంట్‌గానే మిగులుతాయి. ఫలితంగా ఒకే పంక్తిలో సగం అక్షరాలు లావుగా, సగం సన్నగా వస్తాయి. తొమ్మిది పాయింట్ల తెలుగులో తలకట్టు, ఒత్తు, సుడి అన్నీ దగ్గర దగ్గరగా ఉంటాయి. కొంచెం లావెక్కినా ఘ, ఝ, క్ష వంటి చోట్ల మధ్య ఖాళీలు సిరాతో పూడుకుపోతాయి. పెండ్లి పత్రికలో ముహూర్తం వాక్యం పక్కన పూల కొమ్మ నీడ పడి, నక్షత్రం పేరు మాత్రం లావుగా రావడం ఇలాంటిదే.

చేయవలసింది ఇంతే: అక్షరాలన్నింటికీ వేరే లేయర్ పెట్టి దానిని అన్నింటికంటే పైన ఉంచండి. అక్షరాల మీదికి నీడ పడవలసిన డిజైన్ అయితే ఆ శీర్షిక ఒక్కదానినే పూర్తిగా కర్వ్స్‌గా, అంటే ఫాంట్ అవసరం లేని గీతల ఆకారాలుగా, మార్చండి, కనీసం మందం అంతటా ఒకేలా ఉంటుంది.

ఒక హెచ్చరిక. అను ఫాంట్లతో చేసిన మ్యాటర్‌ను కర్వ్స్ చేసే ముందు ప్రూఫ్ పూర్తిగా దిద్దించండి, ఆ తర్వాత ఒక్క అక్షరం మార్చాలన్నా మళ్లీ టైప్ చేయవలసిందే.

7. బంగారు రంగు, తెలుపు

పత్రిక మీద బంగారు సిరా ప్రత్యేక ప్లేట్‌గా వెళ్తున్నట్లయితే, దాని మీద గానీ దాని కింద గానీ పారదర్శక వస్తువు ఏదీ పెట్టకండి. స్పాట్ రంగు, సీఎంవైకే నీడ కలిసిన చోట తెర మీద తెల్లని డబ్బా కనిపించడం సర్వసాధారణం. ఫాయిల్ (పత్రిక మీద అద్దే మెరిసే రేకు) అయితే మరీ సులభం: ఫాయిల్ భాగాన్ని వంద శాతం నలుపుతో వేరే పేజీగా ఇవ్వండి.

తెల్ల అక్షరాలకు, తెల్ల లోగోలకు ఓవర్‌ప్రింట్ (కింది రంగును తీసేయకుండా దాని మీదే వేయడం) గుర్తు ఉందేమో చూడండి. ఉంటే అచ్చులో అవి మాయమవుతాయి.

8. ఫైల్ బయటకు తీయడం

మూడు దారులున్నాయి.

మొదటిది, ప్రెస్ ఎక్స్-4 తీసుకుంటానంటే: ఇన్‌డిజైన్ లేదా ఇలస్ట్రేటర్‌లో పీడీఎఫ్ ఎక్స్-4 ప్రీసెట్ ఎంచుకొని, 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరించే అంచు దాటి బయటకు పెంచిన భాగం) ఇచ్చి బయటకు తీయండి. మీరు దేనినీ ఫ్లాటెన్ చేయకండి. సగం మీరు, సగం వారు ఫ్లాటెన్ చేసిన ఫైళ్లలోనే గీతలు ఎక్కువగా వస్తాయి.

రెండవది, ఎక్స్-1ఏ అడిగితే: అదే ప్రీసెట్ ఎంచుకొని, అడ్వాన్స్‌డ్ విభాగంలో ఫ్లాటెనర్ దగ్గర హై రిజల్యూషన్ పెట్టండి. అందులో అక్షరాలకు, గీతలకు 1200, గ్రేడియంట్లకు 300 ఉంటాయి. మీడియం దగ్గర ఉంటే అవి 300, 150కి పడిపోతాయి, మెత్తటి అంచుల్లో తేడా కంటికి తెలుస్తుంది.

మూడవది మధ్యే మార్గం. ప్రెస్ ఏం చేస్తుందో తెలియనప్పుడు, లేదా కోరల్‌లో తెరుస్తారని తెలిసినప్పుడు నేను దీనినే ఎంచుకుంటాను, ఎవరైనా అడిగినా ఇదే చెబుతాను. ఫైల్ నకలు తెరిచి అక్షరాల లేయర్‌ను దాచేయండి. మిగిలిన మొత్తం డిజైన్‌ను, అంటే బ్యాక్‌గ్రౌండ్, ఫొటోలు, నీడలు అన్నింటినీ బ్లీడ్‌తో కలిపి 300 పిక్సెళ్ల సీఎంవైకే టిఫ్‌గా ఎగుమతి చేయండి. సన్నని అంచు గీతలు, ముగ్గుల వంటి నగిషీలు ఉంటే 600 పెట్టండి. కొత్త ఫైల్‌లో ఆ టిఫ్‌ను వంద శాతం కొలతలో ఉంచి, దాని మీద అక్షరాలను అసలు స్థానంలోనే అతికించండి. ఇప్పుడు ఫైల్‌లో పారదర్శకత అన్నదే లేదు, అక్షరాలు మాత్రం పదునుగా ఉన్నాయి. ఏ పాత కోరల్‌లో తెరిచినా పగిలేందుకు ఏమీ మిగలలేదు, అక్షరాలను కర్వ్స్ చేసి ఇస్తే ఫాంట్ బెడద కూడా ఉండదు.

మొత్తం జేపీజీ చేసి పంపండి, ఏ గొడవా ఉండదు అని కొందరు ఆపరేటర్లు సలహా ఇస్తారు. ఫ్లెక్సీలకు అది నిజమే. మేడారం జాతర స్వాగత ఫ్లెక్సీని రోడ్డు అవతలి నుంచి చూస్తారు కనుక అసలు కొలతలో 72 నుంచి 100 పిక్సెళ్లున్నా సరిపోతుంది. కరపత్రానికి, పత్రికకు మాత్రం ఒప్పుకోకండి. చిన్న అక్షరాలు చుక్కలుగా మారతాయి, నల్లని అక్షరం నాలుగు ప్లేట్ల మీదికి చెదిరిపోతుంది, ప్లేట్లు వెంట్రుకవాసి పక్కకు జరిగినా అక్షరానికి ఎర్రటి, నీలి అంచులు కనబడతాయి.

పేజ్‌మేకర్ వాడేవారికి: 2001లో వచ్చిన 7.0 తర్వాత ఆ సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ రాలేదు, దానికి మెత్తటి పారదర్శకత పట్టదు. అందులో పీఎన్‌జీ పెట్టి బ్యాక్‌గ్రౌండ్ ఎందుకు పోవడం లేదని వెతుక్కోవద్దు. గట్టి అంచు బొమ్మకు ఫొటోషాప్‌లో పాత్ గీసి, సేవ్ పాత్ చేసి, దానినే క్లిప్పింగ్ పాత్‌గా ఎంచుకొని ఈపీఎస్‌గా సేవ్ చేసి తెచ్చుకోండి. నీడ, పలచని అంచు కావాలంటే పైన చెప్పిన మధ్యే మార్గంలో బ్యాక్‌గ్రౌండ్ మొత్తాన్ని ఒకే టిఫ్‌గా తెచ్చి, దాని మీద మ్యాటర్ పెట్టుకోండి.

9. ప్లేట్ తీయకముందు సరిచూసుకోవడం

ప్లేట్ తీశాక తప్పు కనిపిస్తే నాలుగు ప్లేట్ల డబ్బు పోతుంది, అచ్చయ్యాక కనిపిస్తే కాగితం కూడా పోతుంది. కాబట్టి ఈ అంశానికి తొందరపడకండి.

అక్రోబాట్ ప్రోలో ప్రింట్ ప్రొడక్షన్ పరికరాల్లోంచి అవుట్‌పుట్ ప్రివ్యూ తెరవండి. అందులో ఓవర్‌ప్రింట్‌ను చూపించే సిమ్యులేట్ ఓవర్‌ప్రింటింగ్ గుర్తు పెట్టండి. అప్పటిదాకా కనిపించిన తెల్ల డబ్బా మాయమైతే అది తెర తప్పు మాత్రమే. అయితే ఓవర్‌ప్రింట్‌ను పట్టించుకోని చిన్న డిజిటల్ ప్రింటర్లలో అదే డబ్బా కాగితం మీద నిజంగా పడుతుంది కనుక, డిజిటల్ ప్రింట్ అయితే దానిని సరిచేసే పంపండి.

అక్కడే ప్లేట్ల జాబితాలో నలుపు ముందున్న గుర్తు తీసేయండి. చిన్న నల్ల అక్షరాలన్నీ పూర్తిగా మాయం కావాలి. వాటి స్థానంలో ముదురు గోధుమ రంగు నీడ ఏదైనా మిగిలితే ఆ అక్షరాలు నాలుగు రంగుల్లోకి మారిపోయాయని అర్థం, వెనక్కి వెళ్లి 4వ, 6వ అంశాలు మళ్లీ చూడండి. తర్వాత నలుపు తిరిగి పెట్టి, టోటల్ ఏరియా కవరేజ్ (ఒక చోట పడే మొత్తం సిరా) దగ్గర 300 ఇచ్చి, ఏయే చోట్ల రంగు గుర్తులు వస్తున్నాయో చూడండి.

ఎక్స్-1ఏ పద్ధతిలో వెళ్తున్నవారు ఇన్‌డిజైన్ లేదా ఇలస్ట్రేటర్‌లోని ఫ్లాటెనర్ ప్రివ్యూలో అవుట్‌లైన్డ్ టెక్స్ట్ ఎంచుకుంటే ఏ అక్షరాలు గీతలుగా మారబోతున్నాయో ఎర్రగా చూపిస్తుంది. ఒక్క అక్షరం కూడా ఎర్రబడకూడదు.

చివరగా మామూలు లేజర్ ప్రింటర్ మీద ఒక కాపీ తీయండి. ప్రింట్ యాజ్ ఇమేజ్ అనే గుర్తు పెట్టవద్దు, పెడితే అక్రోబాట్ అంతా తానే ఒక బొమ్మగా మార్చి పంపుతుంది, మీరు పట్టుకోవాలనుకున్న తప్పు దాక్కుంటుంది.

అయినా తప్పు వస్తే

బొమ్మ చుట్టూ స్వచ్ఛమైన తెల్ల డబ్బా ఉంటే: ఎక్కడో జేపీజీగా మారింది, లేదా పారదర్శకత తెలియని సాఫ్ట్‌వేర్‌లో తెరిచారు. 2వ అంశం దగ్గర మొదలుపెట్టండి.

డబ్బా తెల్లగా కాకుండా బ్యాక్‌గ్రౌండ్ రంగుకే కాస్త తేడాగా ఉంటే కథ వేరు. ఫ్లాటెన్ చేసినప్పుడు నీడ కింద ఉన్న బ్యాక్‌గ్రౌండ్ ముక్క ఫొటోగా మారింది, చుట్టూ ఉన్నది వెక్టర్‌గానే (చుక్కలు కాక గీతల ఆకారంగానే) మిగిలింది. కొన్ని ప్రింటర్లు ఫొటోకు ఒక రంగు సవరణ, వెక్టర్‌కు ఇంకొక రంగు సవరణ చేస్తాయి. ఫైల్‌లో రెండింటి విలువలు ఒకటే కనబడతాయి కాబట్టి ఎంత వెతికినా తప్పు దొరకదు. బ్యాక్‌గ్రౌండ్ మొత్తాన్ని ఒకే టిఫ్ చేయడమే దీనికి మందు. డిజిటల్ ప్రింటింగ్‌లో వచ్చే ఫిర్యాదుల్లో ఇది ఎక్కువ, పసుపు, నారింజ బ్యాక్‌గ్రౌండ్ల మీద మరీ స్పష్టంగా కనిపిస్తుంది.

వెంట్రుకంత తెల్ల గీతలు వస్తే ముందు అవి నిజమైనవో కావో తేల్చండి. పీడీఎఫ్‌ను 100 శాతం నుంచి 400, 800కు పెంచుతూ పోండి. నిజమైన గీత పెంచిన కొద్దీ లావవుతుంది. ఎంత పెంచినా అంతే సన్నగా ఉండి, ఒక కొలతలో కనబడి ఇంకొక కొలతలో మాయమైతే అది తెర మీది మాయ మాత్రమే. అక్రోబాట్ ప్రిఫరెన్సెస్‌లోని పేజ్ డిస్‌ప్లేలో స్మూత్ లైన్ ఆర్ట్, స్మూత్ ఇమేజెస్ గుర్తులు తీసేస్తే అలాంటి గీతలు పోతాయి. అంగుళానికి 2400 చుక్కల ప్లేట్ మీద అవి సాధారణంగా రావు. కస్టమర్ ఫోన్‌లో ప్రూఫ్ చూసి గీతలున్నాయని గోల చేస్తే పీడీఎఫ్ బదులు జేపీజీ ప్రూఫ్ పంపండి.

గీతలు నిజమైనవే అయితే ఎక్స్-4 లేదా మధ్యే మార్గం.

ప్రెస్‌కు అప్పగించేటప్పుడు

పీడీఎఫ్‌తో పాటు అదే పేజీ ఎలా రావాలో చూపించే ఒక జేపీజీని కూడా ఇవ్వండి, దాని పేరులో చూడడానికి మాత్రమే అని రాయండి, లేకపోతే దానినే ప్లేట్‌కు పంపేవారున్నారు. ఫైల్‌లో పారదర్శకత ఉందా, ఫ్లాటెన్ చేశారా, స్పాట్ రంగులు ఎన్ని, బ్లీడ్ ఎంత అన్న నాలుగు సంగతులు సందేశంలోనే రాసి పంపండి. పీడీఎఫ్‌ను కోరల్‌లో తెరవవద్దని మీరు కోరుకుంటే ఆ మాటను కూడా అందులోనే స్పష్టంగా రాయండి. తెరవక తప్పదని వారు జవాబిస్తే, మధ్యే మార్గంలో చేసిన రెండో ఫైల్‌ను అప్పుడే పంపి, మొదటిదానిని తొలగించమనండి, రెండూ వారి డెస్క్‌టాప్ మీద ఉండనివ్వవద్దు.